మూడో తూటా దగ్గర ఆగే పిస్టల్

ఆర్విల్ స్టాంపర్ పొద్దున్నే ఎనిమిదింటికి కొట్టు తీసి, కాఫీ పొయ్యి మీద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని బల్ల ముందు కూర్చుంటే, మళ్ళీ లేచేది వెనక గట్టు దగ్గరికి వెళ్ళడానికే. తుపాకులు బాగుచెయ్యడం వాళ్ళ తాతనాటి పని. కెంటకీ కొండల్లో ఆ వాగు పొడుగునా ఉన్న మూడొందల గడపల్లో ఎవరి తుపాకీ మొరాయించినా ఆ బల్ల మీదికే వస్తుంది. వచ్చినవాళ్ళు తూటాలు తీసేసి, తూటా కూర్చునే గది తెరిచి, మూతి గోడవైపు తిప్పి పెట్టాలి. ఆ మర్యాద తప్పినవాణ్ణి ఆర్విల్ గుమ్మం అవతలికి పంపి మళ్ళీ రమ్మంటాడు, వాడు జడ్జిగారైనా సరే.

కొట్టు వెనక ఎర్రమట్టి గట్టు ఉంది. బాగుచేసిన ప్రతి తుపాకీనీ దానిమీద కాల్చి చూస్తారు. తూటా దిగగానే గట్టు ఒక మాట అంటుంది. కాల్చినవాడి మనసులో అప్పుడు ఎవరుంటే వాళ్ళ పేరు, ఏముంటే దాని పేరు. కాల్చినవాడికి అది వినపడదు, పక్కన నిలబడ్డవాడికే వినపడుతుంది. అందుకని అక్కడివాళ్ళు గట్టు ముందు నిలబడగానే బుద్ధిగా కూరతోటలు తవ్వే పందికొక్కుల్ని తలుచుకుంటారు. ఒకసారి చర్చి పెద్ద హోబర్ట్ పరధ్యానంగా కాల్చేసరికి గట్టు పాస్టరుగారి పేరు చెప్పింది. పక్కనున్నది పాస్టరుగారే. ఆ ఆదివారం ప్రసంగం పావుగంటలో అయిపోయింది, ఊరు ఊరంతా హోబర్ట్‌ని మెచ్చుకుంది.

అక్టోబరులో ఒక సోమవారం ట్విలా నేపియర్ వచ్చింది. పంతొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. మొగుడు పోయి రెండేళ్ళయింది. మొన్న వేసవిలో ఇక్కడి బడి మూసేసి పిల్లల్ని పట్నం బడిలో కలిపేశారు, దాంతో బస్సూ పోయింది. అరచేతిలో ఇమిడే కొత్త పిస్టల్‌ని మర్యాద తప్పకుండా బల్ల మీద పెట్టింది.

"మూడో తూటా దగ్గర ఇరుక్కుంటోంది బాబాయ్. రెండు బాగానే వెళ్తాయి. మూడోది ముక్కు పైకెత్తి ఆగిపోతుంది."

"దేనికి కొన్నావమ్మా ఇది?"

"ఒంటరిదాన్ని కదా. పెరట్లోకి నక్కలొస్తున్నాయి."

నక్కలకి ఇలాంటిది ఎవరూ కొనరని ఇద్దరికీ తెలుసు. ఆర్విల్ చప్పుడుకి చెవుల మీద పెట్టుకునే డిప్పలు ఆమె చేతికిచ్చి గట్టు దగ్గరికి నడిచాడు. ముందు తను పందికొక్కుల్ని తలుచుకుని కాల్చాడు. ఏడుకి ఏడూ ఎక్కడా ఆగకుండా వెళ్ళాయి. తర్వాత ఆమె కాల్చింది. రెండు వెళ్ళాయి, మూడోది ఇరుక్కుంది.

జబ్బేమిటో ఆర్విల్‌కి అక్కడే తెలిసిపోయింది. కొండ మలుపుల్లో బస్సు నడిపేవాళ్ళు స్టీరింగుని బిగించి పట్టరు. అది చేతుల్లో తిరగడానికి వీలుగా వదులుగా పట్టుకుంటారు. ట్విలా పిస్టల్‌నీ అలాగే పట్టుకుంది. అంత చిన్న పిస్టల్‌కి వెనక గట్టి చెయ్యి లేకపోతే పైన జారే స్లయిడ్ పూర్తిగా వెనక్కి రాదు, తర్వాతి తూటా సరిగా లోపలికి ఎక్కదు. మణికట్టు బిగించమ్మా అంటే అర నిమిషంలో తేలిపోయే పని.

ఆ మాట అతని నోట రాలేదు. రెండుసార్లూ గట్టు "ట్విలా" అంది మరి.

"పందికొక్కేగా అంది?" డిప్పలు తీస్తూ, అతని మొహం చూడకుండా అడిగింది.

"ఇంకేమంటుంది, పందికొక్కే" అన్నాడు ఆర్విల్. గట్టు అన్నదాన్ని అతను మార్చి చెప్పడం, ఆ బల్ల ముందు కూర్చున్న నలభై ఒక్కేళ్ళలో అదే మొదలు. "తూటాలు పట్టే మ్యాగజైన్‌లో స్ప్రింగు మీద నాకు అనుమానంగా ఉంది. ఇది ఇక్కడే ఉండనీ. రేపు తొమ్మిదింటికల్లా రా. నీ చేతిలోనే ఆగుతోంది కాబట్టి నువ్వు లేకుండా జబ్బు దొరకదు."

ఆమె వెళ్ళగానే పాస్టరుగారింటికి ఫోన్ చేశాడు. చీకటి పడకముందే పాస్టరుగారి భార్య ఎడిత్, తమ ఇంట్లో హీటరు చెడిపోయిందని చెప్పి, దిండూ దుప్పటీ పట్టుకుని ట్విలా ఇంట్లో దిగింది.

మంగళవారం సరిగ్గా తొమ్మిదికి ట్విలా వచ్చింది. బస్సు నడిపిన కాలంలో ఒక్క నిమిషం ఆలస్యం ఎరగదు. అప్పటికే ఆర్విల్ పిస్టల్‌ని ముక్కలుగా విప్పి గుడ్డ మీద పరిచాడు.

"పిస్టల్‌తో వచ్చిన పుస్తకం చదివాను బాబాయ్. స్ప్రింగు కొత్తలో బిగువుగా ఉంటుందిట. మ్యాగజైన్ నింపి నాలుగు రోజులుంచితే సర్దుకుంటుందిట."

"పుస్తకాలు రాసేవాళ్ళకేం, ఏదైనా రాస్తారు. ముందు ఆ వాలు నున్నగా ఉందో లేదో చూడాలి, తూటా గదిలోకి ఎక్కే వాలు" అని, అద్దంలా మెరుస్తున్న దాన్నే మధ్యాహ్నం దాకా రుద్దాడు. ఆమె చేతికీ ఒక గుడ్డ ఇచ్చాడు. బాగుకొచ్చిన హోబర్ట్‌గారి వేటతుపాకీని ఆమె చేత తుడిపించాడు.

బుధవారం ఆమె ఇంకో తూటాల పెట్టె తెచ్చింది. "నేను వాడినవి ముక్కు బోలుగా ఉన్న రకం. ముక్కు గుండ్రంగా ఉన్నవైతే సులువుగా ఎక్కుతాయిట. కాల్చి చూద్దామా?"

"గోళ్ళూడే చలి, గాలి. రేపు చూద్దాం."

"ఎప్పుడూ పది నిమిషాల్లో తేల్చేవాడివి, ముసలాడివైపోయావ్ బాబాయ్."

"అయ్యాను మరి. ఈ రొట్టె చూడు, ఇటుకలా ఉంది, పళ్ళు కూడా సహకరించట్లేదు."

నవ్వించాలని అన్నాడు. ఆమె నవ్వలేదు గానీ ఆ రొట్టె వంక కాసేపు చూసింది. రాత్రంతా ఎడిత్ పెట్టే గురక గురించి అతనికి ఫిర్యాదు చేసి వెళ్ళిపోయింది.

గురువారం గుమ్మంలోంచే అంది, "ఇవాళ కాల్చాల్సిందే. లేదంటావా, పట్నంలో ఇంకో కొట్టుంది, అటు పోతాను."

అటు పోతే అక్కడ అర నిమిషంలో చెప్పేస్తారు. ఆర్విల్‌కి ఇక సాకు దొరకలేదు. తనే తూటాలు పెట్టి గట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె మోచేతికి బెత్తెడు దూరంలో చెయ్యి ఉంచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ట్విలా పిస్టల్ ఎత్తింది. ఈసారి మణికట్టు కర్రలా బిగించింది. ఒకటి, రెండు, మూడు. ఆగలేదు. ఏడూ వెళ్ళిపోయాయి.

కొట్లోకి వచ్చి ఖాళీ పిస్టల్‌ని తెరిచి బల్ల మీద పెట్టింది. "స్ప్రింగూ కాదు, వాలూ కాదు. నా చెయ్యి. రాత్రి పుస్తకం చివర్లో దొరికింది. నీకు సోమవారమే తెలుసు కదూ? ఏదీ, దీని పెట్టె ఇటివ్వు, తీసుకుపోతాను."

ఆర్విల్ పిస్టల్ మీద చెయ్యి వేశాడు. "ఇవ్వను."

"నాది బాబాయ్ అది."

"నీదే. అయినా ఇవ్వను. షెరీఫ్‌ని పిలుచుకుంటే పిలుచుకో. సోమవారం గట్టు పందికొక్కు అనలేదు. నీ పేరంది. ఇవాళా నీ పేరే అంది." ఆమె చెయ్యి చాపి పిస్టల్‌కి అటు కొస పట్టుకుంది, అతను వదల్లేదు. "నువ్వు పోతే నేను తట్టుకోలేనమ్మా. అంతే. నాకింకేం చెప్పడం చేతకాదు."

ట్విలా వేళ్ళు పిస్టల్‌కి ఆ కొసనే ఉన్నాయి. ఇద్దరూ చెరోవైపు పట్టుకునే ఉన్నారు. కాఫీ గిన్నె మరిగి పొయ్యి మీద పొంగింది, ఎవరూ కదల్లేదు.

"ఏడుసార్లూ నా పేరేనా?" అంది చివరికి.

"ఆరుసార్లు."

"ఏడోసారో?"

"ఆపిల్ గుజ్జు అంది."

"నీ రొట్టెల్లోకని పొద్దున్నే పొయ్యి మీద పడేశాను" అంది ట్విలా. "ఎడిత్‌కి కలపమని చెప్పి వచ్చాను. ఆవిడ కలుపుతోందో, ఫోన్‌లో కబుర్లే చెబుతోందో." అంటూనే ఏడ్చింది. భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చింది. ఆర్విల్ తుపాకులు తుడిచే గుడ్డే చేతికిచ్చాడు, దగ్గర ఇంకేం లేక. కళ్ళు తుడుచుకుని, మొహాన నూనె మరకతో, పిస్టల్ మీంచి చెయ్యి తీసేసింది.

"కొట్లో ఉంచేవాటికి చీటీ కడతావుగా. దీనికేం రాస్తావ్?"

"ఏం రాయమంటావ్?"

"స్ప్రింగు రావాలి అని రాయి."

"స్ప్రింగు బాగానే ఉంది కదమ్మా."

"తెలుసు బాబాయ్. నువ్వు రాయి. ఎప్పటికొస్తుంది?"

ఆర్విల్ పెన్సిలు అందుకుని, ఆలోచించి, 'మంచు కరిగాక' అని రాశాడు. ట్విలా చదివింది. అతని చేతిలోంచి పెన్సిలు తీసుకుని ఆ మాట కొట్టేసింది. కింద 'ఇంకా చాలా కాలం పడుతుంది' అని రాసి, చీటీని తనే పిస్టల్‌కి గట్టిగా ముడేసింది.