గాలి దిక్కు

1975లో బోరబండ గుట్ట మీద నా పని ఒకటే. రోజుకు మూడుసార్లు ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూసి, గాలి ఏ దిక్కో రిజిస్టరులో రాయడం. నాది ఊరి బడిలో ఏడో తరగతి. ఆ పనికి అది చాలు. భార్య పోయాక మనుషులతో మాటలు తగ్గించాను. తప్పు చేసినవాణ్ణి క్షమించడం అంతకు ముందే మానేశాను.

నా రాతలను రాజరాజేశ్వరి చిల్లులు కొట్టే కార్డుల్లోకి ఎక్కించేది. కాకినాడ అమ్మాయి, పొగ లెక్కలు కట్టే మా ల్యాబులో ఇంజినీరు. కంప్యూటరు ఆ కార్డులు చదివి, చుట్టుపక్కల నేలను వంద మీటర్ల గడులుగా విడదీసి, ఏ గడిలో ఎంత మసి రాలుతుందో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు అచ్చువేసేది.

ఫ్యాక్టరీకి తూర్పున భూలక్ష్మి వాళ్ళ చాకిరేవు. ఆరేసిన బట్టలన్నీ మసి మచ్చలేనని ఆమె ఫిర్యాదు చేసింది. లెక్క ఆమె వైపు వస్తే పొగగొట్టానికి మసిని పట్టే సంచులు బిగించాలి. రాకపోతే రేవు ఎత్తేయాలి.

కాగితం వచ్చింది. రేవు మీద సున్నా. మసి అంతా పడమర, గచ్చిబౌలి దారిలో మనిషి లేని రాళ్ళ మీద.

భూలక్ష్మి ల్యాబుకే వచ్చి, మచ్చల పంచె నా బల్ల మీద పరిచింది.

"ఇది మసి గాకుంటే కాటుకా సారూ?"

"మిషన్ అబద్ధం చెప్పదు."

"మిషన్ ముచ్చట ఇడిచిపెట్టు. పొద్దుగాల పొగ ఎటు పోయింది?"

"తూర్పుకు. గదే రాసిన."

"నా రేవు ఎటున్నది?"

"తూర్పుకే."

రాజరాజేశ్వరి కుర్చీలోంచి లేచింది. "లింగమూర్తి గారూ, గాలి దిక్కంటే వచ్చే దిక్కండీ! పోయే దిక్కు కాదు. మీరు తూర్పని రాస్తే తూర్పు నుంచి వస్తోందనుకున్నాను."

మూడు నెలలు. రోజుకు మూడుసార్లు. అంతా నా తప్పే.

భూలక్ష్మి పొట్ట పట్టుకుని నవ్వింది. "గాలిని గూడ ఉల్టా తిప్పినవా సారూ!"

నాకు కోపం రావాలి. రాలేదు.

"లెక్క మళ్ళీ వేద్దామండి," అంది రాజరాజేశ్వరి. "ముందు నువ్వు చెప్పు భూలక్ష్మీ, ఎక్కడ ఎక్కువ నల్లబడుతుంది?"

"బాయి పక్క తాళ్ళ మీద. గుండ్ల దిక్కు జర నయం."

కార్డుల కట్టలో దిక్కును తిరగేసే కార్డు ఒకటి చేరింది. గురువారం ముగ్గురం కంప్యూటరు గదికి వెళ్ళాం. కాగితం దడదడా బయటికొచ్చింది. బావి ఉన్న గడిలో తొమ్మిది. గుండ్లు, అంటే బండరాళ్ళు, ఉన్న గడిలో నాలుగు.

"తొమ్మిది! నా బాయి!" బట్టలు లెక్కపెట్టే మనిషికి అంకెలు తెలుసు. రాజరాజేశ్వరి చేతులు పట్టుకుని గిరగిరా తిరిగింది. కార్డుల పెట్టెకు తగిలి ఆరువందల కార్డులు నేల మీద పడ్డాయి. ఏరుతూ ఏరుతూ నేనూ నవ్వాను.

రెండు నెలల్లో సంచులు బిగించారు. భూలక్ష్మి మమ్మల్ని రేవుకు లాక్కెళ్ళి, బావి పక్క తాడు మీద తెల్ల దుప్పటి ఆరేసింది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఒక్క మచ్చ పడలేదు.

"ఇగ నీ అంగీ ఇయ్యి సారూ. ఎన్నడు ఉతికిండ్రో ఏమో!"

ఇచ్చేశాను. బనీను మీదే ల్యాబుకు నడిచాను. దారంతా నవ్వారు. నవ్వనీ.