ఏర్పేడు జట్టు ఆఖరి బంతి

పొద్దున ఆరున్నరకు ఓబయ్య పంక్చర్ల అంగడి తీస్తాడు. వెంకటగిరి రోడ్డు మీద పోయే లారీల కోసం కంప్రెసర్ ఆన్ చేసి, టీ తెప్పించుకుని, తాగేముందు తలెత్తి బంతి ఉందో లేదో చూసుకుంటాడు. ఉంటుంది. రైల్వే స్టేషన్ వెనక మైదానం మీద, కొబ్బరిచెట్టుకు రెండింతల ఎత్తున, పసుప్పచ్చ ఊలు బంతి ఇరవై ఒక్కేళ్లుగా అట్లాగే ఉంది. వాన పడితే తడిసి మధ్యాహ్నం దాకా చుక్కలు కారుస్తుంది. తల్లులు బిడ్డలకు దాన్నే చూపించి అన్నం పెడతారు. కొత్తవాళ్లెవరైనా అడిగితే "అదా, మా జట్టుది" అని చెప్పి ఎవరి పనిలో వాళ్లు పడతారు.

జట్టంటే ఏర్పేడు బాల్ బ్యాడ్మింటన్ జట్టు. ఓబయ్య కెప్టెన్. మునికృష్ణ, గిరి, దయానంద్, రఘునాథ్ తక్కిన నలుగురు. ఐదుగురికీ కలిపి మూడు జతల బూట్లు. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, ఎక్కడ టోర్నమెంటు పెట్టినా బస్సెక్కేవాళ్లు. బహుమతి ఎప్పుడూ ఎవర్‌సిల్వర్ బిందెలే. ఆ ఐదిళ్లలో నీళ్లకు కరువుండేది గానీ బిందెలకు ఉండేది కాదు. అట్లా ఆరేళ్లు ఆడి, సొంత మైదానంలో జిల్లా ఫైనల్ దాకా వచ్చారు. ఆ కప్పు గెలిస్తే ఐదుగురికీ స్పోర్ట్స్ కోటాలో రైల్వే కొలువులు ఖాయమని ఊరంతా అనుకుంది.

ఆఖరి గేము, స్కోరు సమం, ఆఖరి పాయింటు. "వదులుబ్బా, నాది!" అని ముందునుంచి మునికృష్ణ అరుస్తున్నా వినకుండా, ఓబయ్య వెనకనుంచి దూకి బంతిని ఎత్తి కొట్టాడు. అది పైకి పోయింది. పోయి ఆగింది.

రెఫరీ దొరస్వామి బడిలో డ్రిల్ మాస్టారు. గంటన్నర తలెత్తుకుని నిలబడి, మెడ పట్టేశాక విజిల్ జేబులో వేసుకున్నాడు. "బంతి నేల తాకేదాకా ఎవురూ గెలిచినట్టు కాదు, ఓడినట్టూ కాదు" అన్నాడు. స్కోరు కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆయన చెప్పింది న్యాయమేనని ఊరు ఒప్పుకుంది.

ఒక ఆట మధ్యలో ఉన్న జట్టు ఇంకో ఆటకు పోకూడదు. ఐదుగురూ ఎదురుచూస్తుండగానే కొలువుల వయసు దాటిపోయింది. గిరి తిరుప్పూరు బనియన్ కంపెనీకి పోయాడు. రఘునాథ్ అలిపిరి దగ్గర చెప్పులంగడి పెట్టుకున్నాడు. దయానంద్ పక్షవాతం వచ్చి చనిపోయాడు. నెట్టును ఎలుకలు కొట్టేశాయి. జట్టును రద్దు చేశామని ఎవరూ చెప్పలేదు, ఒకనాడు చూస్తే లేదు, అంతే. మైదానం పక్కనే ఇల్లున్న మునికృష్ణ ఇటుకల బట్టీలో పనికి కుదిరాడు. ఓబయ్యతో మాట్లాడటం ఆ ఫైనల్ రోజే మానేశాడు.

అట్లా ఉండగా ఒక మంగళవారం మునికృష్ణ భార్య నాగులమ్మ పంక్చర్ల అంగడికి వచ్చింది.

"అన్నా, పదైదు దినాలుగా ఆయన సరిగ్గా కూడు తినడంలేదు. వాకిట్లో మంచం యేయించుకోని ఆ బంతినే సూస్తా ఉండాడు."

"డాక్టరేమన్నాడు మా?"

"జబ్బేం లేదంట. గెలిచేటోల్లమే, ఓబయ్య నా నోటికాడ కూడు తీస్కపోయి ఆకాశాన పెట్టినాడు అని ఒగటే మాట. ఆ మాటే మనిషిని తినేస్తా ఉండాది."

ఓబయ్య ఇన్నేళ్లుగా తనను తాను తిట్టుకుంటున్నది కూడా ఆ మాటతోనే. ఇంతలో రోడ్డు మీద బస్సు ఆగింది. జనం దిగి తలలెత్తి చూస్తున్నారు. బంతి దిగుతోంది.

ఇద్దరూ ఆయాసపడుతూ మైదానం చేరేసరికి అది నేల మీద ఉంది. దొర్లలేదు, పడ్డచోటే కూర్చుంది. మునికృష్ణ గోడ పట్టుకుని నడిచొచ్చాడు. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చిన దొరస్వామి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"లోపలా, బయటా?" అన్నాడు మాస్టారు.

గీతలుంటే కదా చెప్పడానికి. గడ్డి, మేకపెంటికలు తప్ప అక్కడేం లేదు.

"ఓబయ్యా, ఆ పొద్దు సున్నం గీతలు పోసింది నువ్వే గదా. నువ్వు చెప్పిందే రాస్తా."

నెట్టు గుంజ పాతిన గుంత దగ్గర్నుంచి అవతలి జట్టు వెనక గీతకు పదహారు అంగలు. ఓబయ్య మెల్లగా నడిచాడు. బంతి గీతకు జానెడు లోపల ఉంది. గెలిచారు. ఆ రోజే దిగి ఉంటే ఐదుగురి బతుకులూ వేరేగా ఉండేవి.

"చెప్పుబ్బా" అన్నాడు మునికృష్ణ. ఇరవై ఒక్కేళ్లలో అదే మొదటి మాట. "గెలిచినామా?"

ఓబయ్య అతని మెడ ఎముకలు చూశాడు. గెలిచామంటే ఆ నోటికాడ కూడు మాటే నిజమై, ఈ మనిషి తిరిగిపోయి ఆ మంచంలోనే పడుకుంటాడు. ఇంక లేవడు.

"బయట పడిందప్పా. జానెడు. ఓడిపోయినాం."

మునికృష్ణ నేల మీద చతికిలబడ్డాడు. కాసేపటికి అతని మొహం వదులైంది.

"అయితే ఆ పొద్దే ఓడిపోయినామా? నా కొలువును నువ్వేం తీస్కపోలేదు. అసలుంటే గదా తీస్కపోయేదానికి. నిన్ను ఊరికే ఆడిపోసుకున్నా గదప్పా" అని ఏడ్చాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఆకలేస్తా ఉండాది. సంగటి ఉండాదా?"

మాస్టారు కాగితం తెప్పించి ఏర్పేడు ఓడినట్టు రాశాడు. ఓబయ్య కెప్టెన్‌గా కింద సంతకం పెట్టాడు.

నాగులమ్మ ఇద్దరికీ వాకిట్లోనే వడ్డించింది. మునికృష్ణ గబగబా తింటున్నాడు. ఓబయ్య ముద్దను తుంచి తుంచి పళ్లెంలోనే పెడుతున్నాడు.

"ఓడిపోయినోల్లకు ఇంగ సిగ్గేంది, తినుబ్బా" అని మునికృష్ణ అతని పళ్లెంలో ఇంకో ముద్ద వేయించాడు.

ఓబయ్య తలొంచుకుని తిన్నాడు.