పిలవని చేతులు

మర్నాడు గుడివాడ బడిలో చెప్పి చూపవలసిన పాఠం గాయత్రిని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి అదే పరీక్ష. ‘పిచ్ ఇన్’ అన్న మాటకు అర్థమూ వాడుకా పిల్లల మనసుకెక్కించాలి. ‘నలుగురితో కలిసి పనికి పూనుకొనుట’ అని వల్లించుకుంటూ పెడన కాలువగట్టు మీద అటూ ఇటూ తిరుగుతోంది. అర్థం నోటికి వచ్చింది. ప్రాణమున్న ఉదాహరణే దొరకడం లేదు. లోగడ బందరులో ఒక బడివారు “చిలకపలుకులమ్మా” అని పంపేశారు.

ఇంతలో ఈశాన్యాన మబ్బు కమ్మింది. గట్టు పొడవునా పక్కింటి సుమతి అప్పుడే అచ్చులద్దిన కలంకారీ బట్టలు పరిచి ఉన్నాయి. తడి అద్దకం మీద చినుకు పడితే పువ్వులన్నీ మరకలే. సుమతి ఒక్కతే ఒక కొస పట్టి లాగుతుంటే రెండో కొస మట్టిలో ఈడ్చుకుపోతోంది.

ఆరబెట్టే చోటు తగవుతో రెండిళ్ళకూ ఏడాదిగా మాటల్లేవు. గాయత్రి తటపటాయించి, “పిన్నీ, నన్ను సాయం రమ్మంటారా?” అంది.

సుమతి తలెత్తలేదు. “ఏం తల్లీ, వానకి కూడా శుభలేఖ వెయ్యాలా? బొట్టు పెట్టి పిలవనా?”

గాయత్రికి తల కొట్టేసినట్టయింది. అద్దకంవారి గట్టు మీద వానవేళ ఎవరూ అడగరు. అడగడమంటే రానని మర్యాదగా చెప్పడమే. తల్లి విజయలక్ష్మి అప్పటికే పరుగున వచ్చి, సుమతి వంక చూడకుండానే రెండో కొస అందుకుంది.

“నిలబడ్డావేమే? ఆ అవతలిది మీ తాత తీస్తాడా?”

గాయత్రి ఉరికింది. ఆఖరి బట్ట పాకలో చేరేసరికి వాన దబదబా కురిసింది.

“కాఫీ పెడుతున్నా. తాగేవాళ్ళు తాగొచ్చు,” అంది సుమతి, పాక దూలంతో చెబుతున్నట్టు.

“పంచదార తక్కువ వెయ్యమనవే,” అంది విజయలక్ష్మి కూతురితో.

మర్నాడు తరగతిలో గాయత్రి నిర్వచనం రాయలేదు. అచ్చు బట్ట ఒకటి నేలమీద పొడవుగా పరిచి, దాని పక్కన సీసాడు నీళ్ళు ఒంపి, ఒక్కతే కొస పట్టి లాగసాగింది. నీళ్ళు బట్టకేసి పాకుతున్నాయి.

“టీచర్, మేం రావచ్చాండీ?” అందొక అమ్మాయి.

గాయత్రి తలెత్తకుండా లాగుతూనే ఉంది. పిల్లలు ఒకరినొకరు చూసుకుని, ఒక్కుమ్మడిగా లేచి వచ్చి పట్టుకున్నారు. ఇంకా ఒక మూల నేలనే ఉంది. వెనక బెంచీలో మార్కులు వేస్తున్న హెడ్మాస్టరు మధుసూదనరావుగారు కలం జేబులో పెట్టుకుని, వంగి దాన్ని ఎత్తారు.

“ఇదేనర్రా ‘పిచ్ ఇన్’,” అంది గాయత్రి ఆయాసపడుతూ.

ఆయన ఆ మూల వదలకుండానే, “సోమవారం పొద్దున్నే మీకు బస్సుంటుందామ్మా?” అని అడిగారు.