చిల్లు డబ్బాల ఓడ

"ఓడ చేసినది: సన్యాసి" అని బోర్డు రాసినవాళ్ళారా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఎవర్ని అడిగి రాశారు? ఆ సన్యాసి నా మొగుడు. ఓడకి ఆయన చేసిందల్లా, "ఏటే ఈ తుప్పు డబ్బాలు, ఇదేటి, ఇల్లా కుప్పతొట్టా?" అని కాలితో తన్నడం.

మెర్డేకా వస్తోంది, మలయాకి స్వతంత్రం, మన రబ్బరు తోటలో ప్రదర్శన పెడతాం, చేత్తో చేసినవి ఏవైనా తెండి అని గుమాస్తా గోవిందన్ చాటించాడు. నేను ఓడ చేస్తానన్నాను. మా అత్త కూర్మమ్మ మన దేశం నించి ఈ మలయాకి ఎక్కి వచ్చిన ఓడ.

డబ్బాలకేం కొదవ? అడవిలో దాక్కుని దొరలతో పోరాడే కమ్యూనిస్టులకి తిండి అందకూడదని దొరల ఎమర్జెన్సీ చట్టం. కొట్టువాడు పాలడబ్బా అమ్మేటప్పుడే దాచి వాళ్ళకి పంపకుండా మేకుతో చిల్లు పొడిచి మరీ ఇస్తాడు. పొద్దున్నే రబ్బరు కోతకి పోతుంటే గేటు దగ్గర మా రవికలు తడిమి బియ్యం వెతుకుతారు. ఆ చిల్లు చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఓనాడు డబ్బా తోముతుంటే చిల్లులోంచి చుక్కంత వెలుగు నా అరచేతిలో పడింది. అత్త వంగి చూసింది.

"ఓలే దేవుడమ్మా, ఓడకి ఇలాగే ఉండీవే, గుండ్రం కిటికీలు. అందులోంచే సముద్రం సూసినాను."

నా చెయ్యి ఆగిపోయింది. మనుషుల్ని ఆకలితో మాడ్చాలని పొడిచిన చిల్లు, ఓడ కిటికీ!

అప్పట్నుంచి రేకు చదును చేసి ఓడ ఒళ్ళు కట్టాను. చచ్చిన టార్చి బ్యాటరీ పొగగొట్టమైంది. విరిగిన గొడుగు ఊచలు ఓడ అంచు కటకటాలు, ఇనపతీగ కంచెలో ఊడిన ముల్లు లంగరు. కొలత నా చిటికెనవేలి కణుపు. కణుపంటే ఒక మనిషి. "కటకటాలు నీకెక్కడికి వచ్చేవి అత్తా?" అంటే ఆవిడ లేచి నిలబడి గుండెల దగ్గర చెయ్యి పెట్టేది. దాన్ని నేను కణుపులోకి దించేదాన్ని. వండాలి, వార్చాలి, కొయ్యాలి, ఉతకాలి, అవి చెయ్యకపోతే తిట్లు. ఇది మాత్రం ఆటట. మొదట్లో అత్త కూడా అంది, "మొగుడికి గంజి కాయకుండా బొమ్మలాటేటే" అని. ఆ నోరే తర్వాత తర్వాత, "ఎనకాల కటకటాలకి ఒక తెర కట్టు" అంది. తన పాత చీర కొంగు చింపి ఇచ్చింది.

"ఆ తెర ఎనకాలే నీ మొగుణ్ణి కన్నాను. ఓడ ఆగలేదు. నా కేకలు మొగోళ్ళకి ఇనబడకూడదని నోట్లో గుడ్డ కుక్కినారు."

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా అత్తా?"

"ఎవడడిగినాడే?"

ఆ కొంగు పేలిక పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. నా రెండు అరచేతుల్లో పట్టే ఓడ. అందులో అంత సముద్రం, అంత నొప్పి, అంత నోరు మూసుకోవడం. భయమేసింది. దణ్ణం పెట్టబుద్ధేసింది.

ఇవాళ ప్రదర్శనలో మీరంతా ఓడ చుట్టూ నోరు తెరుచుకుని నిలబడ్డారు. గోవిందన్ వంగి, మాట చివర మలయ్ 'లా' తగిలించి, "ఈ గుడ్డ ఏంటి లా, సన్యాసీ?" అన్నాడు. నా మొగుడు తడుముకోలేదు.

"అదా బాబూ? తెరచాప. గాలికి ఓడ నడవాల గదా!"

పక్కనే పొగగొట్టం నిలబడి ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఒరే సన్యాసీ, తెరచాప కాదురా, తెర" అంది కూర్మమ్మ. "దాని ఎనకాలే నువ్వు పుట్టినావు."

 నా మొగుడు మోకాళ్ళ మీద కూర్చుని మొదటిసారి ఆ ఓడని చూశాడు. తెర దాకా వేలు తీసుకెళ్ళాడు. ముట్టుకోలేకపోయాడు.

"సరేలే, బోర్డు రేపు మారుద్దాం లా" అంటున్నాడు గోవిందన్. రేపు కాదు. తెల్లారితే మెర్డేకా. మీ జెండా ఎక్కే ముందు ఆ బోర్డు దిగాలి. రాయండి: కన్నది కూర్మమ్మ, కట్టింది దేవుడమ్మ. రాసే చెయ్యి లేదంటారా? గేటు దగ్గర మా రవికలు తడిమే చేతులున్నాయిగా, వాటిని పిలవండి. ఇప్పుడే.