మూడో కొవ్వొత్తి

ఆ శుక్రవారం తప్పినట్టా, తప్పనట్టా? పద్నాలుగేళ్లుగా బ్రెయ్నా మనసులో నలుగుతున్న సందేహం ఇదే. యూదుల విశ్రాంతిదినం సబ్బాతు కోసం శుక్రవారం పొద్దుగూకేలోగా దీపాలు పెట్టే ఇల్లాలు ఒక్క వారం ఏమరినా, ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఒక దీపం ఎక్కువ పెట్టాలని వాళ్లమ్మ చెప్పేది. యుద్ధకాలంలో యూదుల్ని బంధించిన శిబిరంలో గడిచిన వారాలు లెక్కలోకి రావని ఇక్కడి మతగురువు, రబ్బీ గారు అన్నారు.

"నిర్బంధంలో ఉన్నవాళ్లకు దోషం లేదమ్మా. రెండు చాలు."

సరేనని తలూపి, ఇంటికొచ్చి మూడు పెట్టింది. ఆయనకు మొత్తం చెబితే కదా!

ఈ శుక్రవారం పొద్దున్నే భర్త లీబిష్ కోటు తొడుక్కుంటూ అన్నాడు. "మా కుట్టుషాపులో ఒకావిడ కొత్తగా చేరింది. మనవైపు మనిషే, ఎవరూ లేరట. రాత్రి భోజనానికి రమ్మన్నాను."

"పిలిచాక చెప్పడం మీకలవాటేగా. చేప చిన్నది. మీ ముక్క ఆవిడకి వేస్తాను."

సాయంత్రం లీబిష్ ప్రార్థనకు వెళ్లిన కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. తీస్తే జ్లాటా. జుట్టు నెరిసింది, ముందుపళ్లు రెండూ పెట్టుడువి. శిబిరంలో ఒకే చెక్కబల్ల మీద, ఒకే కంబళి కింద పడుకున్న మనిషి.

"నువ్వా! చచ్చావనుకున్నానే," అంది జ్లాటా.

"నేనూ అదే అనుకున్నానక్కా."

"ఇద్దరి లెక్కా తప్పిందన్నమాట. లోపలికి రానిస్తావా, మెట్ల మీదే ఏడుద్దామా?"

లోపలికొచ్చిన జ్లాటా కళ్లు తిన్నగా బల్ల మీద ఇంకా వెలిగించని కొవ్వొత్తుల మీదికి పోయాయి. "రెండు కదా పెట్టాలి. మూడోది ఎవరికి?"

శిబిరంలో ఒక చలికాలపు శుక్రవారం జ్లాటా తన వంతుకొచ్చిన మార్జరిన్, వెన్నకు బదులిచ్చే కొవ్వు ముక్క, బొటనవేలి గోరంత, బ్రెయ్నా చేతిలో పెట్టింది. జ్వరంతో లేవలేకపోతున్నాను, ఆలుగడ్డ తొక్కలో పెట్టి వెలిగించు, నా చెల్లి పెర్లా దొరకాలని మొక్కుకో అంది. బ్రెయ్నా కంబళి నుంచి నూలుపోగు లాగి వత్తి కూడా చేసింది. వత్తి గుచ్చేలోగా ఆ కొవ్వు వాసన తగిలింది. మర్నాడు జ్లాటాను జబ్బుమనుషుల కొట్టానికి మోసుకుపోయారు. మళ్లీ కనబడలేదు.

"తినేశానక్కా," అంది బ్రెయ్నా. "ప్రాణం నిలుపుకోవడానికైతే తినొచ్చంటారు. కానీ ఆ రాత్రి తినకపోతే చచ్చేదాన్నేనా? అది నాకెవరు చెబుతారు? వెలిగించి ఉంటే పెర్లా దొరికేదేమో..."

జ్లాటా కుర్చీలో కూలబడింది. "నీకు తినమనే ఇచ్చానని చెప్పనా? అంత మంచిదాన్ని కాదు. వెలిగించమనే ఇచ్చా. అప్పుడే తెలిసుంటే నీ జుట్టు పీకేదాన్ని."

"జుట్టెక్కడుందక్కా మనకప్పుడు?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎంతోసేపు నిలవలేదు.

"పెర్లా మొదటి రాత్రే పొగైపోయింది," అంది జ్లాటా. "రైలు దిగగానే దాన్ని అటువైపు, గ్యాసు గదుల వైపు పంపారు. నాకు తెలుసు. తెలిసే నీచేత మొక్కించబోయాను. నేను దీపాలు మానేసి చాలా ఏళ్లయింది."

"అయితే ఈ మూడోది నీ పేర పెడతాను."

"నా పేరన వద్దు, దాని పేరన వద్దు. నా మార్జరిన్ నాకివ్వు."

"ఇంట్లో లేదక్కా. కోడికొవ్వుంది."

"నేనిచ్చింది కోడికొవ్వా?"

బ్రెయ్నా తలకు గుడ్డ చుట్టుకుని మెట్లు దిగి పరుగెత్తింది. మూలకొట్టు వాడు అప్పటికే సగం తలుపు వేశాడు. పెళ్లయ్యాక ఆ సరుకు ఆమె ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. కాగితం విప్పితే అదే వాసన.

సబ్బాతు రొట్టెలు ముట్టకుండా నిన్నటి నల్లరొట్టె కోసి, కత్తి నిండా మార్జరిన్ తీసింది. జ్లాటా ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎక్కువిస్తే వడ్డీ. మనలో మనకు వడ్డీ నిషిద్ధం, మరిచావా?"

"నీకదింకా గుర్తుందా అక్కా?"

"అదొక్కటే మిగిలింది."

బ్రెయ్నా బొటనవేలు ఆనించి చూసి, గోరంతే రాసింది. జ్లాటా నిలబడే తిన్నది, నెమ్మదిగా, బల్ల మీద రాలిన తునకల్ని కూడా వేలితో అద్దుకుంటూ.

"ముట్టింది," అంది. "ఇక వెలిగించుకో. పొద్దుపోతోంది."