సోమ్ అవ్వ బంగారు హంస

పండుగ ఇంకొక్క రోజుందనగా సోమ్ అవ్వ చాప మీద అటు తిరిగి పడుకుని, తాను రానంటే రానని తడికతో చెప్పింది. మనుషులతో మాట్లాడటం ఆమె పొద్దుటే మానేసింది.

ఊళ్లో కొత్త విహారం లేచింది. దాని నడిమధ్య తవ్విన గోతిలోకి రాతిగుండు దింపి, ఆ నేలను బుద్ధుడికి అప్పగించే పండుగ అది. ఒకసారి గుండు దిగిందా, ఇక అక్కడ గడ్డపార వేసే సాహసం రాజు కూడా చెయ్యడు. గుండు దిగేలోగా జనమంతా గోతి మీదికి వంగి, వచ్చే జన్మలో తమకేం కావాలో అది లోపలికి జారవిడుస్తారు. బుద్ధి పదునెక్కాలంటే సూది, చక్కదనం కావాలంటే దువ్వెన. పొరుగూరి పండుగలో ఒకాయన చెప్పులు వేసి, వచ్చే జన్మలో పెళ్లాం నుంచి దూరంగా నడిచిపోవడానికన్నాడు. పెళ్లాం పక్కనే ఉంది. పాపం, ఆయన వచ్చే జన్మ దాకా ఆగక్కర్లేకపోయింది.

ఇలాంటి పండుగ ఒక ఊరికి ఒక్కసారే వస్తుంది. దానికి అవ్వ రానంటోందంటే కారణం ఆచార్యుడు ప్రాక్ నోటిదురద. ఊళ్లో పూజలూ పెళ్లిళ్లూ జరిపించే పెద్దమనిషి ఆయన. తెల్లచొక్కా మీద ఈగ వాలనివ్వడు, నోటి మీద మాత్రం అదుపు లేదు. పొద్దున బావి దగ్గర నలుగురూ వింటుండగా అన్నాడు.

“అవ్వా, రేపు గోతిలో ఒక్క నిజం పడెయ్. వచ్చే జన్మలోనైనా నీ నోటికి కాస్త అలవాటవుతుంది.”

అందరూ విరగబడి నవ్వారు. ఎందుకు నవ్వరు? చిన్నపిల్లగా ఉన్నప్పుడు అడవిలోని ఏనుగు గుడిలో బంగారు హంసను చూశానని అవ్వ చెప్పింది. పాతకాలపు రాజులు దాచిన హంస అని ఊరు ఊరంతా పారలు పట్టుకుని పరిగెత్తింది. కప్పలు తప్ప ఏమీ దొరకలేదు. అప్పటి నుంచి ఆమె పేరే ‘హంస సోమ్’ అయిపోయింది. తండ్రి కొట్టినా, కట్టుకున్నవాడు బతిమాలినా, కన్నకొడుకు సిగ్గుతో చచ్చిపోతున్నా, అబద్ధమాడానన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు.

మనవరాలు కేసోర్ గంజిగిన్నె పట్టుకుని పక్కన కూలబడింది. సరస్సు మీద తిరిగి, బియ్యమిచ్చి ప్రహోక్, అదే ఊరబెట్టిన చేపల ముద్ద, తెచ్చి అమ్ముకునే మనిషి. మొగుడు పోయాడు, పడవ మిగిలింది. రెండింటిలో పడవే ఎక్కువ పనికొచ్చిందని ఆమె నలుగురిలోనూ అనేసేది.

“అమ్మమ్మా, లే. ఆ ప్రాక్ మాటలకేం గానీ గంజి తాగు.”

“వాడి మొహం! వాడి బొడ్డు కోసింది నేను. ఆ చేత్తోనే నాలుక కూడా కోసుంటే పీడా పోయేది.” అవ్వ ఇటు తిరిగింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. “నేను రానే తల్లీ. బుద్ధుడి ముందు కూడా అబద్ధాలకోరులా నిలబడమంటావా? నీ మాట నిజమే సోమ్ అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అనుంటే... ఇంకెన్నాళ్లుంటాను గనక.”

నిజానికి కేసోర్ కూడా అవ్వ మాట సగమే నమ్మేది. మిగతా సగాన్ని ప్రేమతో సరిపెట్టుకునేది. అందుకే కాస్త సిగ్గుపడుతూ అడిగింది. “మళ్లీ చెప్పు. మొదట్నుంచీ చెప్పు.”

“ఏముందే చెప్పడానికి. మా అయ్యతో చేపల బోనులు తీయడానికి పోయా. ఏనుగు గుడి గోపురం రాళ్ల సందులో కొంగగుడ్లున్నాయేమోనని చెయ్యి పెట్టా. లోపల హంస. బాతంత. మెడ వంచి నన్నే చూస్తోంది. ఈలోగా పడవ ఊగింది, నేను నీళ్లలో పడ్డా. అయ్య జుట్టు పట్టి పైకి లాగి, వీపు చీరేసి ఇంటికి తెచ్చాడు.”

గంజిగిన్నె కేసోర్ చేతిలోనే ఉండిపోయింది. “పడవా? నువ్వు పడవలో ఉన్నావా?”

“వరద రోజుల్లో ఎద్దుబండి కట్టుకుని పోతారా ఎవరైనా? చెట్లే మునిగిపోతే గుడి మునగదా?”

“మరి ఇన్నేళ్లూ ఈ ముక్క చెప్పలేదేమే!”

“ఎవరడిగారు? నవ్వుకోవడానికే వాళ్లకి తీరిక చాల్లేదు.”

కేసోర్ ఒక్క ఉదుటున లేచింది. ఆ ప్రాంతంలో నిధుల వేటంటే కోతలయ్యాక చేసే పని. పొలం పనులుండవు, నేల ఆరి ఉంటుంది, బండి నడుస్తుంది. తాతల నాటి నుంచీ అంతే. ఊరి మగాళ్లందరూ ఎండాకాలంలో వెళ్లి గోపురం కాళ్ల దగ్గర తవ్వారు. అవ్వ చెయ్యి పెట్టింది గోపురం నెత్తిన. తాడిచెట్టు ఎత్తున హంస హాయిగా కూర్చుని ఉంటే, కింద వీళ్లు కప్పల కొంపలు కూల్చారన్నమాట! కేసోర్‌కి నవ్వాగలేదు. సరస్సు నీళ్లు ఇంకా దిగలేదు. ఇప్పుడు వెళితే ఇప్పుడే.

తోడుకి మామయ్య యిమ్‌ను లాక్కెళ్లింది. అవ్వకి ఒక్కగానొక్క కొడుకు, కోడిపందేలంటే చెవి కోసుకుంటాడు, దయ్యాలంటే మాత్రం లుంగీ తడుపుకుంటాడు.

“మా అమ్మ మాట పట్టుకుని అడవిలోకి పోవడమేంటే, మతి పోయిందా? చిన్నప్పుడు నన్ను అందరూ హంసగుడ్డు అని పిలిచేవాళ్లు, తెలుసా నీకు?”

“తెలుసు. ఇప్పటికీ పిలుస్తున్నారు. తెడ్డు పట్టు మామయ్యా.”

మునిగిన అడవిలో పడవ చెట్ల తలల మధ్య నుంచి సాగింది. కొమ్మకొమ్మకీ పాములు ఉతికి ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి. ఒక కొమ్మ తగిలి ఎర్రచీమల గూడు యిమ్ నెత్తిన పగిలింది. అప్పటి నుంచి ఆయన అడవిని కాచే తాతదేవరకు మొక్కులు మొదలెట్టాడు. చీమలకు ఉడికించిన కోడి. నీళ్లలో ఏదో పొడుగ్గా కదిలితే కోడితో పాటు సారాబుడ్డి. మొసలి అనుకున్నది నిజంగానే మొసలయ్యేసరికి ఏకంగా పందితల.

“అంత పెంచకు మామయ్యా! దేవర అలవాటు పడితే ఇంకో మొసలిని పంపిస్తాడు.”

చివరికి ఏనుగు గుడి కనిపించింది. నీళ్ల మీద గోపురం కొన మాత్రమే తేలుతోంది. దాన్ని ఒక చెట్టు తన వేళ్లతో ఉడుంపట్టు పట్టి ఉంది. ఆ వేళ్ల మధ్యన, పడవలో నిలబడితే సరిగ్గా అందేంత ఎత్తులో, ఒక నల్లటి సందు.

కేసోర్ చెయ్యి పెట్టింది. గబ్బిలాలు గుంపుగా మొహం మీదికి ఎగిరొచ్చాయి. “రెండు పందితలలు!” అని యిమ్ అరిచి పడవలో బోర్లా పడ్డాడు. పడవ పక్కకి జారిపోయింది. కేసోర్ చెయ్యి సందులో, కాళ్లు గాల్లో, గోపురాన్ని పట్టుకుని వేలాడుతోంది. ఆ వేలాడటంలోనే వేళ్లకి చల్లగా, నున్నగా, బరువుగా ఏదో తగిలింది.

“మామయ్యా, పడవ తీసుకురా! ముక్కుంది! దీనికి ముక్కుంది!”

బయటికి తీస్తే అది బాతంత లేదు. పావురమంత ఉంది. ఒక రెక్క అంచు సొట్టబోయింది, కళ్లలో ఒక్క కెంపే మిగిలింది. కానీ మెడ వంచి, చూసేవాళ్లనే చూస్తోంది. కేసోర్‌కి కితకితలు పెట్టినట్టు నవ్వు పుట్టుకొచ్చింది. ఎంతకీ ఆగలేదు. యిమ్ మాత్రం హంసను ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. “అమ్మ నిజమే చెప్పిందే. నేను కూడా నవ్వానే. అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణే.”

ఆ రాత్రి జాలర్ల తేలుడు ఇళ్ల దగ్గర పడవ కట్టేసి పడుకున్నారు. ఎవరితోనూ ఏమీ అనొద్దని కేసోర్ మరీమరీ చెప్పింది. యిమ్ తెల్లారేదాకా ఓర్చుకున్నాడు. అంతకు మించి ఆయన వల్ల కాలేదు. పడవ కదులుతుంటే తెడ్డు పైకెత్తి, “మా అమ్మ సోమ్ బంగారు హంస దొరికిందిరోయ్!” అని సరస్సంతా దద్దరిల్లేలా కేక పెట్టాడు.

అక్కడే ఒక పొగబోటు ఆగి ఉంది. అది పాతరాళ్ల దొరది. ఆయన ఏ గుడికెళ్లినా ఆ గుడిలో దేవుళ్ల తలలు బోటెక్కేవి. బోటెక్కిన తల తిరిగి రావడం ఎవరూ చూడలేదు. పొగగొట్టం బుస్సుమంది.

“మామయ్యా, నీ నోట్లో మట్టి పడ! వెయ్యి తెడ్డు!”

కేసోర్ పడవను మళ్లీ మునిగిన చెట్లలోకి దూర్చింది. వెనక బోటు ఈల వేసుకుంటూ వచ్చి నాచులో ఇరుక్కుంది, విడిపించుకుంది, మళ్లీ ఇరుక్కుంది. దొర తిట్లు వాళ్ల భాషలో ఉన్నా చక్కగా అర్థమయ్యాయి. చేపలావిడ తిట్టినా అదే రాగం. కేసోర్ తెడ్డు వేస్తూ పగలబడి నవ్వుతోంది. ఒంటి నిండా చీమకాట్లు, చెయ్యి గీరుకుపోయింది, ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషం లేదు.

ఊరు చేరేసరికి సన్నాయిలు మోగిపోతున్నాయి. కేసోర్ తిన్నగా ఇంటికెళ్లి, తలగుడ్డలో చుట్టిన మూట విప్పి అవ్వ ఒళ్లో పెట్టింది. అవ్వ వేలితో ఆ సొట్టరెక్క నిమిరింది.

“ఇంత చిన్నదా?” అంది చివరికి.

“నువ్వు బాతంత అన్నావ్ కదే!”

“నేనప్పుడు కోడిపిల్లంత ఉన్నా మరి.” లేచి నిలబడింది. “నా మంచి చీర తియ్. యిమ్, వంగు. నేను నడిస్తే ఆలస్యమవుతుంది.”

కొడుకు వీపెక్కి అవ్వ విహారంలో అడుగుపెట్టేసరికి, ప్రాక్ కత్తి పట్టుకుని గుండు తాడు దగ్గర నిలబడి ఉన్నాడు. జనం గోతి చుట్టూ కిటకిటలాడుతున్నారు. అవ్వను చూసి ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ వీపు దిగి మూట విప్పింది.

సన్నాయి వాయించేవాడు ఊదడం మర్చిపోయాడు. ప్రాక్ నోరు తెరుచుకుంది గానీ, జన్మలో మొదటిసారి అందులోంచి మాట రాలేదు. అవ్వ హంసను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, మెల్లగా చుట్టూ తిరిగింది. నవ్వినవాళ్లు, నవ్వినవాళ్ల పిల్లలు, అందరూ చూశారు.

అప్పుడే రేవులో బోటు ఈల వేసింది. కేసోర్ గిరుక్కున రేవు వైపు తిరిగింది. హంసను తెచ్చి అవ్వకి చూపించడం వరకే అనుకుంది గానీ, తర్వాతి సంగతి ఆమె ఆలోచించనే లేదు. యిమ్ తల్లి చెవిలో అన్నాడు. “అమ్మా, దొరకిచ్చేస్తే పోలా? నీ పేరు రాసి పట్నంలో అద్దాలపెట్టెలో పెడతారు. లోకమంతా నమ్ముతుంది.”

అవ్వ ఒక్క క్షణం ఆగింది. ఆ మాట ఆమెను తాకిందని కేసోర్‌కి తెలిసిపోయింది.

“లోకం నన్ను చూసి నవ్విందేంట్రా? నవ్వింది వీళ్లు. చూశారుగా,” అని అవ్వ గోతి మీదికి వంగి చేతులు వదిలేసింది. సూదుల మీద, దువ్వెనల మీద, దారపుండల మీద బంగారం మెత్తగా పడింది.

“వచ్చే జన్మలో ఏం కావాలని వేశావవ్వా?” ఎవరో ఆగలేక అడిగారు.

“ఏమీ వద్దు. ఈ జన్మే బాగుంది. కొయ్యవయ్యా ప్రాకూ, చూస్తావేం!”

తాడు తెగింది. గుండు ధనామని దిగింది. నేల అదిరింది, జనం సాధు సాధు అని అరిచారు. మన్ను పోయడం అవుతుండగా దొర తన దుబాసీతో చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కాడు.

“సోమ్ అనే ముసల్ది ఎవరు? బంగారు హంస దొరికిందట, ఎక్కడ?” అన్నాడు దుబాసీ.

ప్రాక్ గొంతు సవరించుకున్నాడు. అప్పుడే బుద్ధుడికిచ్చిన నేల మీద నిలబడి అబద్ధమాడటం ఆయన వల్ల కాలేదు. గబగబా హద్దురాయి దాటి బయటికెళ్లి, తెల్లచొక్కా సర్దుకుని చెప్పాడు. “హంసా లేదు, బాతూ లేదు దొరా. ఆ ముసలమ్మ ఊళ్లోకెల్లా పెద్ద అబద్ధాలకోరు. ఎవర్నైనా అడగండి.”

జనం కూడా హడావిడిగా హద్దు దాటారు. “అవును దొరా, నోరు తెరిస్తే కోతలే,” అంది బావి దగ్గర నవ్విన ఆవిడ. “నేను కన్నకొడుకుని, నాకంటే ఎవరికి తెలుసు,” అన్నాడు యిమ్. చెబుతూ చెబుతూ వాళ్లు ఎందుకు తలలు దించుకుంటున్నారో దుబాసీకి అర్థం కాలేదు.

దొర నమ్మలేదు. అవ్వ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “నువ్వు చెప్పు,” అన్నాడు దుబాసీ.

కేసోర్ కళ్లు మూసుకుంది. తండ్రి దెబ్బలకు రాని మాట, మొగుడి కన్నీళ్లకు రాని మాట. అవ్వ హద్దురాయి దాటి, చేతులు జోడించి, బోసినోటితో నవ్వింది.

“అబద్ధమే దొరా. చిన్నప్పటి నుంచీ అబద్ధమే చెబుతున్నా. పాపం, వీళ్లు ఎంత చెప్పినా మానలేకపోయా.”

దొర టోపీ నేలకేసి కొట్టాడు, తీసి దులుపుకున్నాడు, వెళ్లిపోయాడు. బోటు ఈల దూరమయ్యేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత ప్రాక్ వచ్చి, ఆ తెల్లచొక్కాతోనే బురదలో మోకరిల్లి, అవ్వ పాదాల దగ్గర నుదురు ఆనించాడు. వెనక జనమంతా ఒక్కొక్కరే వంగారు.

“లేవయ్యా, లే, చొక్కా పాడవుతుంది,” అంది అవ్వ. “అన్నాలు ఎక్కడ పెడుతున్నారో చెప్పు. అలిగి నిన్నటి నుంచీ ఏమీ తిన్లేదు.”

కేసోర్ ఏడుస్తూనే నవ్వుతూ అవ్వ చెయ్యి పట్టుకుని పంక్తి దగ్గరికి నడిపించింది. అక్కడ కూర్చున్నవాళ్లు జరిగి ఆమెకు మధ్యలో చోటిచ్చారు.