కుంకుమ పెట్టిన చక్రాలు

రామ్‌చందర్ అనే మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

భద్రాచలం బస్టాండు దగ్గర మాది గడియారాల దుకాణం. కూర్చునేది మా అబ్బాజాన్ ఇద్రీస్, పక్కన ఆయన కూతుర్ని నేను. సెల్‌ఫోన్లు వచ్చి చేతి గడియారాలు మూలపడుతున్న రోజులవి. బూర్గంపాడు నుంచి రామ్‌చందర్ తన తండ్రి జేబు గడియారం తెచ్చాడు. పాత స్విస్ యంత్రం. పైనున్న మీట నొక్కితే నడిమి పెద్ద ముల్లు విడిగా పరుగెత్తి సెకన్లు చూపాలి. ఆ ముసలాయన వయసులో ఉండగా దాంతోనే ఎడ్ల పందేలకు టైం చూసేవాడట. "ఆగిపోయింది, నడిపియ్యి" అని పడేసి పోయాడు.

వెనక మూత తీసి అబ్బాజాన్ తల పట్టుకున్నాడు. ఏటా దసరాకి ఆయుధపూజ చేసి, ఏకంగా లోపలి చక్రాలకే బొట్లు పెట్టారు మహానుభావులు! కుంకుమ, నూనె కలిసి గట్టిపడిపోయాయి. అబ్బాజాన్ ఒక్కో చక్రం ఊడదీసి పెట్రోలుతో కడిగాడు. గడియారం నడిచింది. అడగకపోయినా పెద్ద ముల్లును కూడా బాగుచేశాడు. నొక్కితే పరుగు, మళ్లీ నొక్కితే ఆగడం, ఇంకోసారి నొక్కితే సున్నా దగ్గరికి గెంతడం. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా దాన్ని నొక్కుతూ కూర్చున్నాడు. ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది.

గడియారం తీసుకుపోవడానికి రామ్‌చందర్ తన భార్య సుబ్బరత్నంతో కలిసి వచ్చాడు. ముల్లు పరుగు చూడగానే ముఖం ఎర్రబడింది.

"ఇది మాది కాదు. నాకు ఎరుకైన కాడికెల్లి ఆ ముల్లు తిరగలే. మూత తియ్యి."

అబ్బాజాన్ తీశాడు. లోపలంతా తళతళలాడుతోంది.

"మా నాయన పెట్టిన కుంకుమేది? అసలు మిషన్ అమ్ముకొని ఇదేందో పెట్టినవ్. దొంగ!"

"కడిగిన సార్. మురికి పేరుకుంటే..."

"మా నాయన బొట్టు నీకు మురికా?"

బజారంతా మా గుమ్మం ముందు మూగింది. దొంగ అన్న పేరు పడితే ఇంకెవరూ మా చేతికి గడియారం ఇవ్వరు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నడవనిదాన్ని నడిపిస్తే దొంగతనమా? నోరు సంభాళించుకో!" అన్నాను.

"పోలీస్ స్టేషన్ల చూసుకుందాం" అన్నాడతను.

సుబ్బరత్నం సంచిలోంచి గుడి కుంకుమ పొట్లం తీసింది. "ఈ లొల్లంత ఎందుకు? మామ పెట్టినట్టే మళ్ల పెట్టు. మనదో కాదో ఎరుకైతది."

"వద్దు అబ్బాజాన్!" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. మూత తెరిచిన గడియారాన్ని రెండు చేతులతో అతని ముందు పట్టుకున్నాడు. రామ్‌చందర్ బొటనవేలు కుంకుమలో ముంచి పెద్ద ముల్లును తిప్పే చక్రాలకు గట్టిగా అద్దాడు. మూత వేసి మీట నొక్కాడు. ముల్లు కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. అప్పుడూ కదల్లేదు. ఆ ముండాకొడుకు ముఖం వెలిగిపోయింది.

"అవ్, ఇది మా నాయనదే. ఇద్రీస్ భాయ్ మంచోడే" అని అందరికీ వినపడేలా చెప్పి, కూలి డబ్బులు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. జనం కూడా మంచోడే అంటూ చెదిరిపోయారు.

అబ్బాజాన్ పట్టకారు తుడిచి డబ్బాలో పెట్టాడు. "ఫరహా, ఇగ మీదట ఎవరూ అడగంది బాగుచెయ్యకు" అన్నాడు.

ఆ మాట అన్నందుకు రామ్‌చందర్ మీదకన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.